కర్త లేని వాక్యాలు

ఒకే చావుకు తెలుగు పత్రికలో ఒక మాట, ఉర్దూ పత్రికలో ఇంకో మాట. రెండూ చదివేవాళ్లం గనక ఈ తేడా మాకు తగుల్తూనే ఉంటుంది. ఆబిడ్స్‌లో, నాంపల్లి స్టేషన్ బయట పేపర్లు పరిచే చోట ఈ రెండు లిపులూ పక్కపక్కనే పడుంటాయి. మామూలు రోజుల్లో వాటి లోకాలు వేరు. ఒకదాంట్లో సినిమా, అసెంబ్లీ, ధాన్యం ధర. ఇంకోదాంట్లో గల్ఫ్ కబుర్లు, వక్ఫ్ భూములు, ఫలస్తీన్. పోలీసు కాల్పులో, మిలిటరీ కాల్పులో జరిగి మనుషులు చచ్చిపోయిన మర్నాడు మాత్రం రెండూ ఒకే వార్త రాస్తాయి. అప్పుడు చూడాలి. ఒకే శవం రెండు భాషల్లో ఇద్దరు వేర్వేరు మనుషులవుతుంది.

ఇక్కడ మేం చేయదల్చుకున్నది ఆ వార్తల విమర్శ. ముస్లిం పాత్రను తెలుగు నవల ఎట్లా చూసింది, సినిమా ఎట్లా చూపించింది అని మనవాళ్లు చాలానే రాశారు. రాయాల్సిందే. కాని ఈ సమాజం మన గురించి ఎక్కువగా చదివేది నవల్లో కాదు, వార్తలో. పొద్దున చాయ్‌తో పాటు లోపలికి పోయే ఆ నాలుగు వాక్యాలను ఎవరూ విమర్శకు పనికొచ్చే వస్తువు అనుకోరు. పద్యానికి ఛందస్సు చూసినవాళ్లం, కవితకు ప్రతీకలు వెతికినవాళ్లం, కాల్పుల వార్తకు కనీసం కర్త ఎవరో చూడొద్దా?

ముందు మాటల సంగతి. తెలుగు పత్రికకు చావు విషయంలో పెద్ద నిచ్చెనే ఉంది. నాయకుడు పోతే 'అస్తమయం'. నటుడు పోతే 'ఇక లేరు'. జవాను పోతే 'వీరమరణం'. లారీ గుద్దితే 'దుర్మరణం'. నక్సలైటో, ఉగ్రవాదో అని పోలీసులు చెప్తే 'హతం'. ఇవేవీ కానివాడు వట్టి 'మృతి'. ఉద్యమంలో తూటా తగిలి పోయినవాడు మొదటి రోజు 'మృతి', ఆ ఉద్యమం గెలిచాక 'అమరుడు'. రాసేవాడు కూర్చుని కుట్ర చేసి ఈ మాటలు ఎంచుతాడని మేం అనడం లేదు. రాత్రి ఎడిషన్ మూసే హడావుడిలో చెయ్యి తనంతట తనే ఫలానా మెట్టు మీదికి పోతుంది. అలవాటుగా పోతుంది గనకే దాన్ని పట్టుకోవాలి.

ఉర్దూ నిచ్చెన తక్కువదేం కాదు. మంచం మీద పోతే 'ఇంతెఖాల్'. పెద్ద ఆలిం పోతే 'రెహలత్'. కాల్పుల్లోనో, బాంబుకో మనవాడు పోతే 'జాఁ బహక్'. ప్రాణం హక్‌కు, అంటే సత్యానికి, దేవుడికి అప్పజెప్పేశాడని. ఎదుటివాడు పోతే 'హలాక్'. నాశనమయ్యాడని. రెండింటికీ తెలుగులో 'మరణించాడు' అనే తర్జుమా చేస్తారు గాని ఉర్దూ చెవికి వాటి మధ్య ఉన్న దూరం తెలుసు. ఇంట్లో పెద్దవాళ్లు తమవాళ్ల గురించి 'హలాక్' అనే మాట నోటికి రానియ్యరు. వీటన్నిటి పైన 'షహీద్' ఉంది. కొడుకును పోగొట్టుకున్న తల్లికి ఆ మాట ఎంత ఆసరానో మాకు తెలుసు, ఆ తల్లితో మాకు తగాదా లేదు. పత్రికతోనే తగాదా. షహీద్ అన్న క్షణంలో ఆ మనిషి అల్లా దగ్గరికి చేరిపోయాడు. ఫిర్యాదు కూడా అతని వెంటే పైకి పోయింది. కింద పోలీస్ స్టేషన్‌లో రాయాల్సిన కాగితం ఖాళీగా మిగిలింది.

ఇంత వేరుగా కనిపించే ఈ రెండు భాషలూ ఒక్క చోట మాత్రం అన్నదమ్ముల్లా కలిసిపోతాయి. తెలుగులో 'కాల్పులు జరిగాయి' అంటాం. ఉర్దూలో 'గోలీ చల్ గయీ' అంటాం. వాన కురిసింది, గాలి వీచింది అన్నట్టు. ఉర్దూలో 'గోలీ చలాయీ' అనొచ్చు, అప్పుడు చలాయించినవాడు కావాలి. తెలుగులో 'కాల్చారు' అనొచ్చు, అప్పుడు ఎవరు అనే ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న రాకుండా ఉండడానికే 'జరిగాయి', 'చల్ గయీ'. మహా అయితే 'జరపాల్సి వచ్చింది'. ఈ 'రావడం' ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరూ చెప్పరు. మేం ఒకప్పుడు పనిచేసిన ఒక డెస్కులో 'పోలీసులు కాల్చి చంపారు' అని రాసిన వాక్యం ప్రతిసారీ 'పోలీసు కాల్పుల్లో మృతి' అయి అచ్చయ్యేది. తప్పు రాశారని ఎవరూ అనేవారు కాదు, 'భాష సరిచేశాం' అనేవారు. నిజమే, వాళ్ల లెక్కలో అది భాష సరిచేయడమే.

ఇంకో చిత్రం ఉంది. ఈ వార్తల్లో కర్త అసలే ఉండడని కాదు. సగం వాక్యంలో ఉంటాడు. 'గుంపు రాళ్లు రువ్వింది, కాల్పులు జరిగాయి.' 'ఆందోళనకారులు బారికేడ్లు దాటారు, కాల్పులు జరిగాయి.' 'కారు ఆపలేదు, కాల్పులు జరిగాయి.' మొదటి సగం చూడండి. రువ్వినవాడున్నాడు, దాటినవాడున్నాడు, ఆపనివాడున్నాడు. రెండో సగంలో ఎవడూ లేడు. చచ్చినవాడు కర్త, చంపినవాడు ప్రకృతి. మేం చెప్పదల్చుకున్నదంతా ఈ వాక్య నిర్మాణంలో ఉంది.

ఇది ముస్లింల మీద మాత్రమే కట్టిన వాక్యం కాదని ముందే ఒప్పుకోవాలి. ఆబిడ్స్ నుంచి నడిచిపోయేంత దూరంలో బషీర్‌బాగ్ ఉంది. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపు మీద వామపక్షాలు, ఇతర పార్టీలు అసెంబ్లీకి పోతుంటే అక్కడ బారికేడ్లు పెట్టి ఆపారు. నీళ్లు కొట్టారు, గుర్రాలను తోలారు, చివరికి కాల్చారు. ముగ్గురు పోయారు. అప్పుడు కూడా మొదటి వాక్యం ఇదే తీరు. కాని ఆ వాక్యం నిలవలేదు. ఎందుకంటే దాన్ని ఖండించడానికి తెలుగులో మనుషులున్నారు, పత్రికలున్నాయి, పార్టీలున్నాయి. ప్రతి ఏటా ఆగస్టు 28న అక్కడ పూలదండలు పడతాయి. నాంపల్లి వైపు ఇంకొంచెం పోతే అసెంబ్లీ ఎదురుగా గన్‌పార్కు. 1969 తెలంగాణ ఉద్యమంలో పోయినవారి స్తూపం. 369 మంది అని ఉద్యమం చెప్పే లెక్క. ఒకప్పుడు వాళ్లు కూడా 'అల్లరిమూక'లే. ఇవ్వాళ ముఖ్యమంత్రులు వచ్చి తల వంచుతారు. అంటే తెలుగు సమాజానికి సర్కారు వాక్యాన్ని తిరగరాయడం చేతకాదని కాదు. బాగా చేతనవును.

మరి 2007 మే 18 సంగతి? శుక్రవారం, మక్కా మసీదులో జుమా నమాజు వేళ బాంబు పేలి తొమ్మిది మంది పోయారు. ఆ రక్తం ఆరకముందే, బయట ఆగ్రహంతో ఉన్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపితే ఇంకో ఐదుగురు పోయారు. గుంపు హింసకు దిగిందని పోలీసుల వాదన. కావచ్చు, రాళ్లు పడే ఉంటాయి. ప్రార్థనలో ఉన్న తొమ్మిది మందిని చంపాక జనం ఏం చేస్తారని అనుకున్నారో మాకు తెలియదు. కాల్పుల మీద జస్టిస్ వి. భాస్కరరావు కమిషన్‌ను వేశారు. ఇక్కడ మేం అడిగేది ఒకటే. ఆ రోజు చావుల లెక్క ఎట్లా వాడుకలోకి వచ్చింది? 'మక్కా మసీదు పేలుళ్లలో పద్నాలుగు మంది' అని. తొమ్మిది, ఐదు కలిపి పద్నాలుగు. లెక్క సరిపోయింది. బాంబు పెట్టినవాడు చంపిన తొమ్మిది మందీ, ప్రభుత్వ తుపాకీ చంపిన ఐదుగురూ ఒక్క కూడికలో కలిసిపోయారు. ఆ ఐదుగుర్ని బాంబు ఖాతాలో వేసేశారు. ఉర్దూలో కూడా అందరూ కలిసి షహీద్‌లు అయ్యారు. ఆ కూడిక అక్కడా తప్పలేదు.

బషీర్‌బాగ్‌కు, చార్మినార్‌కు మధ్య ఎంత దూరం? మూసీ దాటితే వచ్చేస్తుంది. ఏడేళ్ల తేడా, అవే ఖాకీ బట్టలు, అదే ప్రభుత్వ యంత్రాంగం. ఒకచోట పోయినవాళ్లు అమరవీరులు. ఇంకోచోట పోయినవాళ్లు 'పాతబస్తీలో ఉద్రిక్తత'. మనుషులు కూడా కాదు, వాతావరణం. తెలుగు పత్రికలో 'పాతబస్తీ' అనే మాట ఊరి పేరుగా కాక విశేషణంగా వాడే అలవాటు మీరు గమనించే ఉంటారు. 'సున్నిత ప్రాంతం' దాని చుట్టం. సున్నితం అంటే మామూలుగా మెత్తగా పట్టుకోవాల్సిన వస్తువు. ఇక్కడ మాత్రం పారామిలిటరీని దింపాల్సిన చోటు.

లౌకికవాద మిత్రులతో మాకున్న పేచీ ఇక్కడే. వాళ్లకు సర్కారు వాక్యాన్ని నమ్మకపోవడం కొత్త కాదు. 'ఎదురుకాల్పులు' అనే మాట ముందు 'బూటకపు' అని చేర్చి, ఆ రెండూ విడదీయరానంతగా అలవాటు చేసింది తెలుగు నేలే. పౌరహక్కుల సంఘం, కన్నబిరాన్, బాలగోపాల్ దశాబ్దాల పాటు ఆ ఒక్క మాట మీద పోరాడారు. 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఎన్‌కౌంటర్ జరిగితే చంపిన పోలీసుల మీద కేసు నమోదు చెయ్యాల్సిందేనని, ఆత్మరక్షణ అన్నది వాళ్లు విచారణలో రుజువు చేసుకోవాలని చెప్పింది. సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపేసింది గాని, ఆ తీర్పు చేసిన పని వ్యాకరణం సరిచేయడమే. కర్తను వాక్యంలోకి తెచ్చింది. ఇంత చదువు ఉన్న సమాజం, చచ్చినవాడి పేరు అరబీలో ఉన్నప్పుడు మాత్రం 'అసలేం జరిగిందో చూడాలి' అని ఎందుకు ఆగిపోతుంది? 2015 ఏప్రిల్ 7 గుర్తు చేసుకోండి. ఆ ఒక్క రోజే శేషాచలం అడవిలో ఇరవై మంది తమిళ కూలీలను కాల్చారు, ఆలేరు దగ్గర పోలీసు వ్యాన్‌లో సంకెళ్లతో ఉన్న ఐదుగురు ముస్లిం విచారణ ఖైదీలను కాల్చారు. వరంగల్ జైలు నుంచి వాళ్లను తెస్తున్నది నాంపల్లి కోర్టుకే. కూలీల మీద తెలుగులో రావాల్సినంత కాకున్నా కొంత వేదన వచ్చింది. వ్యాన్‌లో వాళ్ల దగ్గరికి వచ్చేసరికి చాలామంది మిత్రుల కలాలు 'వాళ్ల మీద కేసులున్నాయి కదా' అనే కామా దగ్గర ఆగాయి. కేసులున్నవాళ్లనే కోర్టుకు తెస్తారు. కోర్టు ఉన్నది అందుకే.

మిలిటరీ సంగతికి వద్దాం. హైదరాబాద్ వాడికి మిలిటరీ చెక్‌పోస్టు అనగానే కశ్మీర్, నాగాలాండ్ గుర్తొస్తాయి, అదేదో దూరపు సంగతి అనిపిస్తుంది. 2014 నవంబరు 3న కశ్మీర్‌లో ఛత్తర్‌గాం దగ్గర ఒక మారుతీ కారు మీద సైనికులు కాల్చారు. కారులో ఉన్నది కుర్రవాళ్లు, ఇద్దరు పోయారు. నాకాల దగ్గర కారు ఆగలేదన్నది మొదటి మాట. లోయ భగ్గుమంది. నాలుగు రోజుల తర్వాత ఉత్తర కమాండ్ అధిపతి లెఫ్టినెంట్ జనరల్ హుడా అది పొరపాటేనని, బాధ్యత తమదేనని ఒప్పుకున్నాడు. అట్లా ఒప్పుకోవడం ఎంత అరుదంటే అది ఒప్పుకున్నదే పెద్ద వార్త అయింది.

2021 డిసెంబరు 4న నాగాలాండ్‌లో ఓటింగ్ గ్రామం దగ్గర బొగ్గు గనిలో పని చేసి పికప్ వ్యాన్‌లో ఇళ్లకు పోతున్న ఎనిమిది మంది మీద పారా కమాండోలు కాల్చారు. ఆరుగురు అక్కడే పోయారు. కొడుకుల్ని వెతుక్కుంటూ వచ్చిన ఊరివాళ్లకు, సైనికులకు ఘర్షణ జరిగి ఇంకో ఏడుగురు పోయారు, ఒక సైనికుడూ పోయాడు. మర్నాడు మోన్ పట్టణంలో జనం అస్సాం రైఫిల్స్ శిబిరం మీదికి పోతే మరొకరు. మొత్తం పద్నాలుగు మంది పౌరులు. ఆ అంకె మాకు ఎట్లా తగిలి ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. అక్కడా మొదటి చావులు వేరు, ఆ చావుల మీద వచ్చిన కోపాన్ని కాల్చిన చావులు వేరు. అక్కడా రెండింటినీ కలిపే కూడారు.

పార్లమెంటులో హోంమంత్రి చెప్పిన సారాంశం: వ్యాన్‌ను ఆగమని సైగ చేశారు, ఆగకుండా వేగంగా పోబోయింది, అనుమానం వచ్చి కాల్చారు, తర్వాత పొరపాటని తేలింది. మళ్లీ అదే అచ్చు. వ్యాన్ కర్త. బతికి బయటపడ్డ మనిషి మాత్రం ఎవరూ ఆగమనలేదని చెప్పాడు. నాగాలాండ్ పోలీసుల ప్రత్యేక బృందం దర్యాప్తు చేసి 2022లో ఒక మేజర్‌తో సహా ముప్పై మంది సైనికుల మీద అభియోగ పత్రం వేసింది. అంటే ముప్పై మంది కర్తలు దొరికారు. కాని సైన్యం ప్రత్యేకాధికారాల చట్టం, 1958, ఆరో సెక్షన్ ప్రకారం కేంద్రం అనుమతి లేకుండా విచారణ జరగదు. 2023లో కేంద్రం అనుమతి నిరాకరించింది. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ కేసును మూసింది, అనుమతి వస్తే ముందుకు పోవచ్చని చెప్పి. వాక్యంలో కర్తను రాయడానికి కూడా ఢిల్లీ నుంచి పర్మిషన్ కావాలన్నమాట. పోలీసులకు కూడా ఇలాంటి గొడుగే ఉంది. గుంపుల మీద కాల్పులకు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 132వ సెక్షన్, 2024 జూలైలో వచ్చిన కొత్త సంహితలో 151. అంకె మారింది, గొడుగు మారలేదు.

నాగాలు క్రైస్తవులు, మేం ముస్లింలం, శేషాచలం కూలీలు తమిళులు. ఎవరి చావుకు వాళ్లే ఏడ్చుకోవాలన్నట్టు పత్రికలు మమ్మల్ని వేర్వేరు పేజీల్లో వేస్తాయి. ఓటింగ్ వార్తను ఉర్దూ పత్రికలు ఎంత చోట వేశాయో, ఆలేరు వార్తను ఈశాన్యంలో ఎవరు చదివారో ఆలోచిస్తే బాధేస్తుంది. ఈ విషయంలో మనవాళ్ల ఉర్దూ పేజీలకు కూడా మేం మార్కులు వెయ్యలేం. గాజా వీధుల పేర్లన్నీ తెలిసిన పాఠకుడికి మోన్ ఎక్కడుందో తెలియకపోతే లోపం పాఠకుడిది కాదు.

మిలిటరీ హైదరాబాద్‌కు దూరం అన్నాం కదా, అది కూడా అంత నిజం కాదు. 2014 అక్టోబరులో మెహదీపట్నం సైనిక స్థావరం ఆవరణలో, పక్క బస్తీకి చెందిన పదకొండేళ్ల పిల్లవాడు ఒళ్లంతా కాలి దొరికాడు. మర్నాడు పోయాడు. సైనికులే నిప్పు పెట్టారని కుటుంబం, బస్తీ ఆరోపించాయి. సైన్యం కాదంది. జనం రోడ్డెక్కారు, రాళ్లు పడ్డాయి, ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేశారు. బస్తీ పిల్లలకు అదొక ఆట స్థలం, అడ్డదారి. స్థావరానికి అది నిషిద్ధ ప్రాంతం. ఒకే నేలకు ఇట్లా రెండు పేర్లు ఉన్నప్పుడు వార్త ఏ పేరు వాడితే ఆ పక్షం తీర్పు సగం అక్కడే అయిపోతుంది. 'లోపలికి ఎందుకు పోయాడు' అనే ప్రశ్న, 'ఎట్లా కాలాడు' అనే ప్రశ్న కంటే ముందు వచ్చి నిలబడింది. పదకొండేళ్ల పిల్లవాడు కూడా ఆ వాక్యంలో కర్తే అయ్యాడు చూడండి.

నిజానికి ఈ నగరం ఆధునిక చరిత్రే ఒక పేరు తప్పుతో మొదలైంది. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ట్యాంకులతో హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. 18న నిజాం సైన్యాధిపతి ఎల్ ఎడ్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయాడు. ఆ తర్వాత మిలిటరీ గవర్నర్ పాలన. సైన్యం వచ్చింది, సైన్యాధికారి పాలించాడు, పేరు మాత్రం 'పోలీసు చర్య'. రజాకార్లు ఊళ్ల మీద పడి చేసిన ఘోరాలను దాచాల్సిన పని మాకు లేదు. ఉర్దూలో రాసిన పాపానికి కాదు, భారత్‌లో కలవాలని ఉర్దూలో రాసినందుకు 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో చంపారు. అతన్ని చంపినవాళ్లకు మాత్రం తెలుగులో పేరుంది, రజాకార్లు అని. అక్కడ కర్త స్పష్టంగా ఉన్నాడు. ఉండాలి కూడా. కాని ఆ సెప్టెంబరు తర్వాత మరాఠ్వాడాలో, కన్నడ జిల్లాల్లో, తెలంగాణలో పోయిన ముస్లింల సంగతికి వచ్చేసరికి వాక్యం మళ్లీ 'అల్లర్లు జరిగాయి' అయిపోతుంది. ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ బృందమే 27 వేల నుంచి 40 వేల మంది దాకా పోయారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలు బయటికి రాలేదు.

సెప్టెంబరు 17కి పేరు పెట్టడం ఇప్పటికీ అయిపోలేదు. ఒకరికి విమోచన, ఒకరికి విలీనం, ఒకరికి విద్రోహం. రాష్ట్ర ప్రభుత్వం 2022లో సమైక్యతా దినం అంది, కేంద్రం అదే ఏడు విమోచన దినం అంది, 2024లో కొత్త సర్కారు ప్రజాపాలన దినోత్సవం అంది. ఉర్దూ ఇళ్లలో పాతవాళ్లు 'సుకూత్' అనేవారు, పతనం అని. ఇన్ని పేర్లలో పోయిన మనుషులకు పేరు పెట్టినది ఒక్కటీ లేదు. జెండా ఎగరేసినవాళ్లకు, జెండా దింపినవాళ్లకు పేర్లున్నాయి.

మళ్లీ నాంపల్లికి వద్దాం. 2018 ఏప్రిల్ 16న మక్కా మసీదు పేలుడు కేసులో నాంపల్లిలోని ఎన్ఐఏ ప్రత్యేక కోర్టు స్వామి అసీమానందతో సహా విచారణ ఎదుర్కొన్న ఐదుగుర్నీ నిర్దోషులంది. తీర్పు చెప్పిన జడ్జి అదే రోజు రాజీనామా ఇచ్చాడు. అంతకు ముందు ఏం జరిగిందో అందరికీ తెలుసు. పేలుడు తర్వాత పోలీసులు పదుల కొద్దీ ముస్లిం కుర్రవాళ్లను ఎత్తుకుపోయారు. చిత్రహింసల ఆరోపణల మీద రాష్ట్ర మైనారిటీ కమిషన్ తరఫున అడ్వకేట్ రవిచందర్ విచారణ చేశాడు. కోర్టులు వాళ్లను వదిలేశాక ప్రభుత్వం డెబ్బై మందికి పరిహారం ఇచ్చింది, ఇరవై మందికి మూడేసి లక్షలు, యాభై మందికి ఇరవయ్యేసి వేలు. దాంతో పాటు మంచి నడవడిక సర్టిఫికెట్లు. 2013లో హైకోర్టు ఆ పరిహారం చెల్లదంది. ఆ సర్టిఫికెట్ గురించి తెలుగులో ఎవరైనా ఒక మంచి వ్యాసం రాయాలని మేం చాలా రోజులుగా ఎదురుచూస్తున్నాం. దెబ్బలు తిన్నవాడికి, నువ్వు మంచివాడివే అని కొట్టినవాడి ఆఫీసు రాసిచ్చిన కాగితం. అది మన కాలపు గొప్ప వచన రచనల్లో ఒకటి.

మొత్తానికి బాంబుకు తీర్పు వచ్చింది, ఎవరూ పెట్టలేదని. కాల్పుల్లో పోయిన ఐదుగురి సంగతి ఆ కేసు పరిధిలోదే కాదు. బాంబు కూడా పేలింది, కాల్పులు కూడా జరిగాయి. రెండు క్రియలు, కర్తలు సున్నా. పత్రిక రాసిన వాక్యం కోర్టు దాకా అట్లాగే నడిచిపోయింది.

ఇంత చెప్పి మన సాహిత్యాన్ని వదిలేస్తే అన్యాయం. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చినప్పటి నుంచి, 1998లో 'జల్జలా' సంకలనం దాకా, ఆ తర్వాతా తెలుగులో ముస్లిం కవిత్వం పత్రిక చెప్పని మాటను చెప్పింది. చరిత్ర మా మీద మోపిన నేరాన్ని ఎదురు ప్రశ్న అడిగింది. ఆ మేలు చిన్నది కాదు. కాని కాల్పుల మీద, అల్లర్ల మీద వచ్చిన చాలా కవితల్లో ఒక బలహీనత ఉంది. గాయం ఉంటుంది, రక్తం ఉంటుంది, అమ్మీ దుఃఖం ఉంటుంది, ఖబరస్తాన్ ఉంటుంది. కాల్చినవాడు మాత్రం 'చీకటి' అవుతాడు, 'తోడేలు' అవుతాడు, 'కాషాయం' అవుతాడు. పత్రిక కర్తను చెరిపేస్తే మనం కర్తను ప్రతీకగా మార్చేశాం. తోడేలు మీద ఎవడు కేసు పెడతాడు? విప్లవ కవులు ఇంకో దారి పట్టారు. 'రాజ్యం చంపింది' అన్నారు. కర్త దొరికాడు, కాని ఎంత పెద్దవాడంటే ఏ బోనులోనూ పట్టడు. రాజ్యానికి బెల్టు నంబరు ఉండదు. ఆ రోజు డ్యూటీలో ఉన్న ఇన్‌స్పెక్టర్‌కు ఉంటుంది.

అందుకే మాకు తెలుగులో కవిత్వం కంటే గొప్పగా కనిపించే ప్రక్రియ ఒకటుంది. దాన్ని సాహిత్యం అని ఎవరూ అనరు. నిజనిర్ధారణ నివేదిక. పౌరహక్కుల సంఘం, ఆ తర్వాత మానవ హక్కుల వేదిక వేసిన ఆ చిన్న పుస్తకాలు, ముతక కాగితం, అచ్చుతప్పులు. ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల కుప్పల్లో వెతికితే అప్పుడప్పుడూ దొరుకుతాయి. అందులో ఉపమానాలుండవు. ఎన్ని గంటలకు, ఏ గల్లీలో, ఎవరు ఆర్డరిచ్చారు, ముందు హెచ్చరించారా, లాఠీలు, బాష్పవాయువు అయ్యాకే తుపాకీ ఎత్తారా, నేరుగా ఎత్తారా, తూటా నడుం కింద తగిలిందా, పైన తగిలిందా, ముందు నుంచా, వెనక నుంచా. వెనక నుంచి తగిలితే పారిపోతున్నవాణ్ణి కాల్చారని అర్థం. ఈ ఒక్క వివరం పది స్మృతిగీతాల పని చేస్తుంది. బాలగోపాల్ వచనం పొడిగా ఉంటుందని కొందరు సాహితీపరులు పెదవి విరిచేవారు. ఆ పొడితనంలోనే ప్రతి క్రియకూ ఒక కర్త ఉండేవాడు.

ముస్లింల చావుల మీద ఇలాంటి నివేదికలు లేవని కాదు. 1978లో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక ముస్లిం స్త్రీ మీద అత్యాచారం, ఆమె భర్త చావు జరిగినప్పుడు హిందువులు, ముస్లింలు కలిసి రోడ్డెక్కారు, కాల్పులు తిన్నారు, జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసుల నేరాన్ని స్పష్టంగా రాసింది. కేసు రాష్ట్రం దాటి రాయచూరులో వీగిపోయింది, అది వేరే కథ. కాని ఆనాడు ఆ సంఘటనను ఎవరూ 'పాతబస్తీ సమస్య' అనలేదు. నగరం సమస్య అన్నారు. ఇటువంటి నివేదికలు ఉర్దూలోకి రావడం తక్కువ, ఉర్దూ పత్రికల్లో బాధితుల ఇళ్లకు పోయి రాసిన మంచి వివరాలు తెలుగులోకి రావడం ఇంకా తక్కువ. నాంపల్లిలో హజ్ హౌస్‌లో ఉర్దూ అకాడమీ ఉంది. రోడ్డుకు అటువైపు పబ్లిక్ గార్డెన్స్‌లో చాలా ఏళ్లు తెలుగు విశ్వవిద్యాలయం నడిచింది. మధ్యలో ఒక్క రోడ్డు. గజళ్లు ఆ రోడ్డు దాటాయి, ముషాయిరాలు దాటాయి. కాల్పుల సాక్ష్యం దాటలేదు.

ఉస్మానియా మార్చురీలో రాసే పోస్టుమార్టం కాగితం తెలుగులోనూ ఉండదు, ఉర్దూలోనూ ఉండదు, ఇంగ్లీషులో ఉంటుంది. తూటా ఎటు నుంచి వచ్చిందో, ఎంత దూరం నుంచి వచ్చిందో అందులో రాసి ఉంటుంది. మృతి, వీరమరణం, షహీద్, హలాక్, ఈ మాటలేవీ అందులో ఉండవు. ఇంకోసారి ఎక్కడైనా కాల్పులు 'జరిగితే', చందాల కన్నా, సంతాప సభ కన్నా ముందు ఆ కాగితాన్ని అడిగి తీసుకోవాలి. కుటుంబానికి ఇచ్చే కాపీ అది, అడిగితే ఇవ్వాల్సిందే. దాన్ని రెండు భాషల్లోకీ దించే పని రెండూ వచ్చిన మాలాంటి వాళ్లది.